చివరి ప్రకటన

మైకు మీట నొక్కే ముందు ఆమె కుడి పిడికిలిని బొడ్డు పక్కన అదిమి పెట్టుకుంది. కడుపులో మెలి కాస్త వదిలేదాకా ఆగింది. తర్వాత మీట నొక్కి, "ప్రయాణికులకు మనవి" అంది. ఆ గొంతు తేటగా బస్టాండంతా పరుచుకుంది. చెప్పడం అయ్యాక మీట వదిలేసి టేబుల్ మీదికి వంగిపోయింది.

పేగుల్లో పుండ్లు. పెళ్లయిన కొత్తలో మొదలైన జబ్బు. పూర్తిగా పోయేది కాదు, అణిచిపెట్టుకుంటూ బతకాలన్నాడు డాక్టరు. అలాగే బతికింది. డ్యూటీ దిగేదాకా ఏమీ తినేది కాదు. ఒళ్లో వేణ్ణీళ్ల సంచి, దాని మీద పైట. మరుగుదొడ్డి బస్టాండుకి ఆ కొసన ఉంది. రెండు బస్సుల మధ్య దొరికే సందులో పరుగెత్తి, రక్తం చూసి, నీళ్లు పోసి, మొహం కడుక్కుని వచ్చి కూర్చునేది. మందులకు మొహం గుమ్మడికాయలా ఉబ్బితే తోటికోడలు బుగ్గ గిల్లింది.

"ఏం తింటున్నావే, ఇలా నిగనిగలాడుతున్నావు!"

"గాలి తింటున్నానక్కా. మీ మరిదే వండిపెడుతున్నాడు."

ఆ మరిది, ఆమె భర్త, బస్సు డ్రైవరు. రోజూ అతని బస్సు బయల్దేరుతుందని చెప్పాల్సింది ఆమే. జనానికి బస్సు ఎటు పోతుందో తెలిస్తే చాలు. అతను మాత్రం ఆ గొంతులో ఈపూట నొప్పి ఎంతుందో వినేవాడు.

ఆ మధ్యాహ్నం అతని బస్సు వెళ్లే ఊరి పేరు చెప్పి ఆమె ఆగిపోయింది. మైకులో గరగర తప్ప ఏమీ లేదు. అతను ఇంజను ఆపి, దిగి, మైకు గది కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"లే. ఆస్పత్రికి పోదాం."

"రోజూ ఉండేదేగా. సర్దుకుంటుంది."

"నీ గొంతు నాకు తెలీదా?"

"బస్సు నిండా జనం. వాళ్లందర్నీ మనింట్లో కూర్చోబెడతారా ఏంటి?" నవ్వబోయి ఆగింది. "వెళ్లి రండి. మీరొచ్చాక పోదాం. ఒట్టు."

ఎన్నడూ ఒట్టు పెట్టని మనిషి. ఆ మాటే పట్టుకుని అతను వెనక్కి నడిచాడు. బస్సు గేటు దాటుతుంటే ఆమె గొంతు వినిపించింది, మిగిలిపోయిన ప్లాట్‌ఫారం నంబరు చెబుతూ, ఎక్కడా వణక్కుండా. బస్సు కదిలిపోయాక ఆ నంబరుతో ఎవరికీ పనిలేదు. అతని కోసమే చెప్పింది.

తర్వాతి బస్సుకి మైకు పలకలేదు. టికెట్ల గుమాస్తా వచ్చి చూసేసరికి ఆమె టేబుల్ మీద తల వాల్చేసి ఉంది. గుమాస్తా, కూలీలు కలిసి చేతుల మీద మోసుకెళ్లి ఆస్పత్రి బండి ఎక్కించారు. పేగుకి చిల్లు పడిందన్నారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే గుమాస్తా చెయ్యి పట్టుకుని, "ఆయనకి ఇప్పుడే చెప్పకన్నయ్యా, బండి నడుపుతుంటారు" అంది. ఆ గదిలోంచి మళ్లీ రాలేదు.

సాయంత్రం అతను బస్సుని గేటులోకి తిప్పుతుండగా మైకులో మగగొంతు వినిపించింది. అతని కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. వెనక జనం తూలిపడి తిట్టారు. అతను స్టీరింగు వదల్లేదు.

కొన్నాళ్లకు ఆమె సామాను తెచ్చుకోవడానికి మైకు గదికి వెళ్లాడు. గుమాస్తా అన్నీ ఒక సంచిలో సర్ది ఉంచాడు. అతను వంగి టేబుల్ కింద చూశాడు. అక్కడ ఆమె చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి, లేవగానే కాళ్లు దూర్చి పరుగెత్తడానికి వీలుగా, తలుపు వైపు తిప్పి ఉన్నాయి.