ఎనిమిది పేజీల కింద

మోచేతి బరువంతా భుజాల మధ్య దించి ఆమె ఆగింది. లోపల ఏదో ముడి జారి వదిలింది. బల్ల మీది బస్సు డ్రైవర్ హాయిగా మూలిగాడు.

"ఇన్నాళ్ళూ మా ఆవిడ ఎటు తిప్పితే అటు తిరిగిన మెడ అమ్మా. ఈ వారం ఆవిడ దగ్గరా మొండికేసింది."

"అయితే బాగైందని ఇంట్లో చెప్పకండి," అంది ఆమె.

అతను నవ్వితే వీపంతా కదిలింది. ఆమెకు మనుషులు వీపులుగానే గుర్తు. రోడ్డు మీద ముఖాలు ఎదురైతే పోల్చుకోలేదు. ఆమె బయట ఉండగానే మనిషి తువ్వాలు కప్పుకుని, బల్లకున్న రంధ్రంలో ముఖం పెట్టి బోర్లా పడుకోవాలి. తరువాతే ఆమె లోపలికి వస్తుంది. మర్దన అయ్యాక ముందు తనే బయటికి వెళ్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పద్ధతి, మేనత్త నేర్పిన పద్ధతి. మేనత్త ఇంకో మాట కూడా చెప్పింది: బల్ల మీది మనిషి నోరు విప్పేదాకా నువ్వు విప్పకు.

తల్లీతండ్రీ లేని తనకూ అక్కకూ మేనత్తే తిండి పెట్టింది, పనీ నేర్పింది. పాత టెలిఫోన్ డైరెక్టరీలో పేజీ కింద తలవెంట్రుక ఒకటి పెట్టేది. కళ్ళకు గంత కట్టుకుని, అదెక్కడుందో వేలికొసలతో చెప్పాలి. చెబితే మరునాడు రెండు పేజీల కింద. అక్క నెల తిరక్కుండా ఆరు పేజీలు దాటింది. తను మూడు దగ్గరే చతికిలబడింది. "నీ వేళ్ళింకా నిద్ర లేవలేదే," అంటూ అక్క తన అరచేతులు రుద్దేది.

మేనత్త చేతులకు వణుకు వచ్చింది. ఎనిమిది పేజీల కింద ఎవరు కనిపెడితే బల్ల వాళ్ళదే అంది. ఉన్నది ఒకటే బల్ల. దాని మీద బతకగలిగేది ఒక్కరే. అక్క వేలు అంగుళం పక్కన పడింది. తన వేలు సరిగ్గా వెంట్రుక మీదే ఆగింది. ఆ వారమే అక్క కుట్టుపని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళిపోయింది. మళ్ళీ ఉత్తరం ముక్క లేదు.

గంత పక్కకు జారిందని, మేనత్త వెంట్రుక పెట్టడం తను చూసిందని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

డ్రైవర్ వెళ్ళాక రిసెప్షన్ అమ్మాయి తల లోపలికి పెట్టింది.

"ఆంటీ, మూడింటికి ఒక పెద్దావిడ. ఎక్కడ నొప్పండీ అంటే, మీ చెయ్యి చూసిపోదామని వచ్చిందట. కొత్త రకం నొప్పి."

మూడింటికి ఆమె లోపలికి వెళ్ళింది. సన్నని వీపు, నెరిసిన జడ. అరచేయి ఆనించి, ఆవిడ ఊపిరి తన ఊపిరితో కలిసేదాకా ఆగింది. నూనె రాసింది. ఎడమ రెక్క ఎముక కింద చర్మం నున్నగా తగిలింది, గిన్నె మూతంత మేర. తొమ్మిదేళ్ళప్పుడు కాగే నూనె ఆ వీపు మీద ఒలకబోసింది తనే.

చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

కుట్టుమిషను మీద వంగి వంగి కుడి భుజం పైకి లేచింది. నడుము చెక్కలా బిగిసింది. ఏళ్ళన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కోటీ వేళ్ళకు తగులుతోంది. అక్క నోరు విప్పుతుందేమోనని ఆమె ప్రతి ముడి దగ్గరా ఆగింది. విప్పలేదు. నడుము అయింది, పిక్కలు అయ్యాయి. గడియారంలో ఐదు నిమిషాలు మిగిలాయి. చేతుల్లో పాదాలు మిగిలాయి.

"అక్కా," అంది, మేనత్త మాట మొదటిసారి దాటి. "ఆ రోజు నా గంత జారింది. నేను చూశాను."

అక్క ఊపిరి పెరగలేదు, తగ్గలేదు. నిద్రపోయిందేమో. పాదాల మీద తువ్వాలు కప్పి, ఆమె బయటికి వచ్చింది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది.

తిరిగి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది.

"వెళ్ళిపోయారాంటీ. బస్సుకి టైమైందట. మళ్ళీ ఎప్పుడొస్తారంటే, చాలా దూరం, ఇంక కుదరదమ్మా అన్నారు," అంది అమ్మాయి.

బల్ల మీంచి తీసిన నూనె మరకల కాగితం చెత్తబుట్టలో ఉంది. వచ్చినవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. బల్ల మీద కొత్త కాగితం పరిచి ఉంది, ముడత లేకుండా, మడత మీద మడతగా. ఆమె అంచు పట్టుకుని లెక్కపెట్టింది. ఎనిమిది.

తలుపు గడియ పెట్టింది. లైటు తీసేసింది. అయినా కళ్ళు గట్టిగా మూసుకుంది. వేళ్ళు కాగితం మీద నెమ్మదిగా నడిచాయి. బయట అమ్మాయి తలుపు తట్టింది, నాలుగింటి మనిషి వచ్చాడని. చాలాసేపటికి చూపుడువేలు ఒకచోట ఆగింది.

గోటితో అక్కడ గీత పెట్టి, లైటు వేసి, మడతలు ఒక్కొక్కటే తీసింది. అన్నిటికీ అడుగున జానెడు తెల్ల వెంట్రుక, తిన్నగా, ఆ గీతకు అంగుళం పక్కన.