అక్కింటి నీళ్లు

కొండ మీది ఆ పాత పేటలో చెల్లెలి ఇంటికి సరిగ్గా నెత్తిన అక్క ఇల్లు. రెండింటి నడుమ మట్టి జారకుండా ఎప్పుడో కట్టిన ఎత్తైన రాతిగోడ. కింద మహానగరం కనిపిస్తూనే ఉంటుంది కానీ దాని రొద పైదాకా ఎక్కదు. బండ్లు కొండ అడుగునే ఆగిపోవాలి, అక్కణ్ణుంచి మెట్లే దారి. సెలవు రోజుల్లో నగరం జనం వచ్చి, పాత తలుపుల ముందు ఫొటోలు దిగి, ఇక్కడెంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ దిగిపోతారు.

ఆ ప్రశాంతతకు కాపలా అక్కే. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆమెను పేటంతా టీచరమ్మ అంటుంది. పాత ఇళ్ల సంఘానికి అధ్యక్షురాలు. ఎవరు కిటికీకి రంగు మార్చినా, ఎవరు డ్రిల్లింగ్ మిషను తెచ్చినా మెట్ల మీద ప్రత్యక్షమయ్యేది. చెల్లెలికి ఆమె అంటే ప్రేమా ఉంది, భయమూ ఉంది. తల్లి పోయాక తల దువ్వి, జడలేసి పెంచింది అక్కే మరి.

చెల్లెలి భర్త కుర్చీలు బాగుచేసేవాడు. ఇంటి వెనక, రాతిగోడకు ఆనించి వేసుకున్న రేకుల షెడ్డులో విరిగిన కాళ్లు అతికించేవాడు, కుంగిన సీట్లకు పేము అల్లేవాడు. అల్లిక ఇద్దరూ కలిసి చేసేవాళ్లు. సన్నటి పని ఆమెది, లాగి బిగించడం అతనిది.

ఎండాకాలంలో ఓ రోజు గోడ దగ్గర పెట్టిన పేము కట్ట ఎత్తితే అడుగంతా బూజు పట్టి ఉంది. ఆమె గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. తడి.

"ఏమండీ, వాన లేదు, చినుకు లేదు. గోడ ఇలా చెమర్చిందేంటి?"

"మీ అక్క స్నానం చేసిన నీళ్లే. పైన పైపు ఎక్కడో పగిలుంటుంది," అన్నాడతను. "నువ్వే చెప్పు. నేను చెబితే వదినగారు నాకు సంఘం రూల్సు అప్పజెబుతుంది."

ఆమె వెళ్లి చెప్పింది. పైపు అక్క పెరటి రాతిపలకల కింద ఉంది. తవ్వాలంటే వాటిని లేపాలి.

"లేపితే మళ్లీ అలా కూర్చోవే అవి. ఎన్ని తరాల నాటివో. వచ్చే వానాకాలం వెళ్లనీ, చూద్దాం," అంది అక్క.

"గోడ ఉబ్బుతోందక్కా."

"ఇంత వయసొచ్చిన గోడకి కాస్త పొట్ట ఉండదా? నాకు లేదూ? నీకు చిన్నప్పట్నుంచీ అన్నిటికీ కంగారే."

చెల్లెలు నవ్వేసి దిగొచ్చింది. భర్త మాత్రం నవ్వలేదు. మున్సిపాలిటీలో ఫిర్యాదు ఇస్తానన్నాడు.

"మా అక్క మీదా? అధ్యక్షురాలి ఇంటికే నోటీసొస్తే పేటలో తలెత్తుకు తిరగ్గలదా? మీరుండండి, నేను మెల్లగా ఒప్పిస్తా."

అతను ఊరుకున్నాడు. ఆఫీసుల చుట్టూ తిరగడమంటే అతనికీ ఒళ్లు బరువే. పాత దూలాలు తెచ్చి గోడ పడకుండా ఏటవాలుగా పోటు పెట్టి, అరచేత్తో చరిచి, "ఏనుగొచ్చి ఆనుకున్నా కదలదు" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మితే హాయిగా ఉంది. ఆ తర్వాత పైకి వెళ్లినప్పుడల్లా గోడ సంగతి నాలుక చివరిదాకా వచ్చేది. అక్క టీ పోసేది, మాట ఎటో పోయేది.

వానలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున షెడ్డు కారుతోందని, కుర్చీలు తడవకుండా జరిపి వస్తానని అతను వెనక్కి వెళ్లాడు. ఆమె వంటింట్లో గిన్నె తోముతోంది. బండెడు రాళ్లు ఒక్కసారి కుమ్మరించినట్టు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే షెడ్డు లేదు. షెడ్డు ఉన్నచోట ఎర్రమట్టి, రాళ్లు, వాటి మీద అక్క పెరటి పలకలు.

పేటలో ఉన్నవాళ్లంతా వచ్చారు. ఫోను చేస్తే అంబులెన్సు కొండ అడుగుకి వచ్చి ఆగింది. మనుషులు వరసగా నిలబడి రాళ్లు చేతికి చేతికి అందించుకున్నారు. టీచరమ్మ చెప్పుల్లేకుండా దిగొచ్చి అందరికంటే ముందు నిలబడింది. గోళ్లు చిట్లి నెత్తురు కారుతున్నా ఎవరు పక్కకి లాగినా రాలేదు.

బయటికి తీసేసరికి అతనికి ఊపిరి ఉంది. ఒక తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి మెట్లు దిగసాగారు. మలుపు మలుపుకీ భుజాలు మార్చుకున్నారు. తలుపు పట్టనిచోట అతన్ని చేతుల్లోకి ఎత్తుకుని, మళ్లీ పడుకోబెట్టారు. ఆమె పక్కనే అతని చెయ్యి పట్టుకుని దిగింది. సగం దారిలో ఆ చెయ్యి బరువెక్కింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపేస్తారని, అలాగే పట్టుకుని కిందిదాకా నడిచింది.

కింది ఇల్లు ఉండటానికి పనికిరాదన్నారు అధికారులు. పైన జారింది పెరటి అంచే, అక్క ఇంటికి ఫరవాలేదన్నారు. అక్క తన ఇంట్లో గది సర్దింది, పైపు మార్పించింది. పొద్దున్నే వేడినీళ్లు పెట్టేది, తల దువ్వబోయేది. చెల్లెలు దువ్వించుకునేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు.

ఒకనాడు అక్క కంచం పక్కకి నెట్టింది.

"నన్ను ఒక్క మాట అనవే. తిట్టు. నీకు దండం పెడతా."

"ఏమని తిట్టను? ఫిర్యాదు చేస్తానంటే ఆపింది నేనేగా." చెల్లెలు అక్క కంచం మళ్లీ దగ్గరికి జరిపింది. "నీ మీద కోపం లేదక్కా. ఉంటే బాగుండేది. నీ మొహం చూస్తే నా మొహమే కనిపిస్తోంది. ఇక్కడ ఉండలేను."

ఆ వారంలోనే నగరంలో బస్సు డిపో పక్కన గది తీసుకుంది. ఫర్నిచర్ దుకాణంలో కుర్చీలు అల్లే పని దొరికింది. బిగించే పని కూడా తనే చేసుకోవాలి. మొదట్లో వేళ్లు తెగాయి, తర్వాత కాయలు కాశాయి. డిపోలో బస్సులు తెల్లవార్లూ గుర్రుమంటుంటే గది అద్దాలు అదిరేవి. ఆ రొదలో ఆమెకు నిద్ర పట్టేది.

అక్క అప్పుడప్పుడూ బస్సెక్కి వస్తుంది. చెల్లెలు తలుపు తీస్తుంది, మంచినీళ్లిస్తుంది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుంటారు. బస్సుల మోతలో మాట్లాడాలంటే గట్టిగా అరవాలి, అందుకని ఎవరూ మాట్లాడరు. చీకటి పడకముందే అక్క లేస్తుంది.

"మెట్లెక్కాలి కదే," అంటుంది.

"జాగ్రత్తగా వెళ్లు," అంటుంది చెల్లెలు. మళ్లీ రమ్మని మాత్రం ఇంతవరకూ అనలేదు.