సూరమ్మ కుట్టిన గడ్డి

సూరమ్మ గోనెసంచిని ఒళ్లో వేసుకుని పీచు లాగుతోంది. లాగిన పీచును టీ డికాషన్‌లో ఒకసారి, బొగ్గునీళ్లలో ఒకసారి ముంచి ఆరేస్తే అచ్చం కార్తీకంలో ఎండిన గడ్డి రంగు వస్తుంది. దాన్ని పాత వలకు కుచ్చులుగా ముడేసి, ఆ వలను అంగీకి కుట్టేస్తుంది. అది తొడుక్కుని నేల మీద పడుకున్న మనిషిని పక్కన మేసే మేక కూడా పట్టించుకోదు. రాయపూర్ ఊరిబయట పోలీసుల తుపాకీ శిక్షణ మైదానంలో, రేకుల షెడ్డు కింద, ఆవిడ ఉద్యోగం ఇదే. గడ్డి కుట్టడం కూడా ఉద్యోగమేనా అని తానుండే తెలీబంధా పేటలో ఇరుగుపొరుగు నవ్వితే, వాళ్లకంటే గట్టిగా తనే నవ్వుతుంది.

పలాస నుంచి పెళ్లికూతురుగా వచ్చింది ఈ ఊరు. భర్త భీమారావు రైల్వేలో కలాసీ. ఆయనున్నన్నాళ్లూ రైలు దిండు గలీబులు కుట్టింది. ఆయన పోయాక ఖాకీ నిక్కర్లు, ఇప్పుడు గడ్డి. ఏది కుట్టినా పాట ఆగదు, నోరు అసలే ఆగదు.

శిక్షకుడు హేమంత్ ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెప్పే పాఠం ఆవిడకు కంఠతా వచ్చు. ఎక్కడో స్కాట్లండులో జింకల అడవులు కాసేవాళ్ల వేషమట ఇది. నూరేళ్ల కిందటి మహాయుద్ధంలో సైన్యం అందిపుచ్చుకుందట. దూరాన్నుంచి ఒక్క తూటాతో కొట్టే స్నైపరుకు గురి సగమే, కనబడకుండా ఉండడం మిగతా సగమట. ఆ మిగతా సగం తనదేనని సూరమ్మ లెక్క.

ఈవేళ పరీక్ష. ఉర్లా ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు పూర్ణిమ బ్యాచ్‌లో ఒక్కతే ఆడపిల్ల. దుర్భిణీ పట్టుకు కూర్చున్న హేమంత్ కంట పడకుండా, గడ్డిలో పాక్కుంటూ ఆయన దగ్గరికి వచ్చి ఉత్తుత్తి తూటా పేల్చాలి. పోయినసారి దొరికిపోయింది. ఈసారీ దొరికితే ఇక స్నైపరు మాట మరిచిపోవడమే.

"మామ్మా, జల్దీ! సాబ్ పిలుస్తున్నారు."

"ఆగే పిల్లా! కొత్తబట్ట, పసుపెట్టకుండా ఎలాగేసుకుంతావు?"

మిషను మీదున్న అంగీకి ఆఖరి కుట్టు వేసి, మెడపట్టీ లోపలికి ఇంత పసుపు అద్ది, గబగబా తిరగేసి తొడిగింది. పూర్ణిమ పరుగెత్తింది.

ఎప్పుడూ పసుపు లోపలివైపే పెడుతుంది సూరమ్మ. కానీ కుట్టేటప్పుడు బట్ట తిరగేసి ఉంటుందని, అప్పుడు లోపలున్నదే తొడిగాక పైకొస్తుందని తొందరలో తట్టలేదు. పిల్ల బోర్లా పడుకుని గడ్డిలోకి పాకాక చూసింది. మెడ వెనక, రూపాయి బిళ్లంత పసుపు, ఎండలో ధగధగ!

"ఓలమ్మో, కొంప ముంచీసినాను," అంది గొంతులోనే.

అరిస్తే పిల్ల ఎక్కడుందో తనే చూపించినట్టవుతుంది. టీ ఇచ్చే వంకతో వెళ్లి హేమంత్ వెనక నిలబడింది. సూరమ్మ నోరు మూసుకుని నిలబడడం ఆ మైదానంలో అదే మొదటిసారి.

"వో పీలా క్యా హై?" అన్నాడు హేమంత్. ఆ పసుప్పచ్చనిదేమిటి అని. దుర్భిణీ సరిగ్గా అక్కడే ఆగింది.

సూరమ్మ తమ వైపు దేవత నీలమణి దుర్గమ్మకు కోడిని మొక్కింది. చాలదేమోనని దాన్ని మేకగా మార్చింది.

"ఫూల్ హోగా సాబ్," అన్నాడు పక్కనున్న జవాను, ఏదో పువ్వయ్యుంటుందని.

"అంతే అయ్యుంటుంది. పసుప్పచ్చ కట్టుకుని దాక్కునే పిచ్చోడెవడు?" అని హేమంత్ దుర్భిణీ పక్కకు తిప్పాడు.

కాసేపటికి ఢామ్మని చప్పుడు. జవాను పొదలన్నీ వెతికాడు. ఎక్కడా ఎవరూ లేరు. హేమంత్ ఓడిపోయినట్టు చెయ్యెత్తి లేచి రమ్మన్నాడు. ఆయన కుర్చీకి ఎదురుగానే, ఇంతసేపూ చూసి వదిలేసిన గడ్డి లేచి నిలబడి పళ్లికిలించింది.

మెడ వెనక పసుపు చూసి ఆయన కళ్లు పెద్దవయ్యాయి. సూరమ్మ సగం హిందీ, సగం పలాస తెలుగులో అందుకుంది. "గల్తీ నాది సాబ్. కొత్తబట్టకి హల్దీ ఎట్టకుండా ఎలాగిస్తాం? తిరగేసుందని సూసుకోనేదు. పిల్లని ఫెయిల్ సెయ్యకండి."

హేమంత్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూసి కూడా పట్టుకోలేకపోయింది నేను. ఆమెనెందుకు ఫెయిల్ చేస్తాను అమ్మాజీ? రేపటినుంచి మాత్రం లోపలివైపు పెట్టు."

షెడ్డులో సూరమ్మ డబ్బా విప్పింది. నెయ్యి కారుతున్న బొబ్బట్లు. పూర్ణిమ మట్టిచేతులతోనే ఒకటి అందుకుంటే, "సేతులు కడుక్కోయే!" అని తిడుతూనే ముద్దు పెట్టుకుంది. తన కడుపున పిల్లలు లేరని ఆ క్షణంలో గుర్తే లేదు ఆవిడకు. ఇద్దరూ నవ్విన నవ్వుకు రేకులు మోగాయి.

బయట జీపు హారన్ కొట్టింది. పాసైనవాళ్లు ఇటునుంచిటే అడవుల్లో డ్యూటీకి జగదల్‌పూర్ వెళ్లాలి. పూర్ణిమ రెండో బొబ్బట్టు కొరుకుతూనే లేచింది.

"ఇది ఉంచు మామ్మా, వచ్చి తింటాను."

"ఎల్లి రాయే, బంగారం."

జీపు దుమ్ము సర్దుకునేదాకా చెయ్యి ఊపింది సూరమ్మ. సంతోషంతో ఒళ్లంతా తేలిగ్గా ఉంది. లోపలికొచ్చి మళ్లీ గోనె అందుకుంది, పాట మాత్రం అందుకోలేదు.

మిషను పలక మీద, స్టీలు మూతలో, సగం కొరికిన బొబ్బట్టు. అంచున పిల్ల పంటిగాట్లు, వాటినుంచి ఇంకా కారుతున్న నెయ్యి.