పోగు తెగింది, రా

ఆ ఇంట్లో పగలు ఎవరూ గొంతెత్తరు. గిన్నెకి గిన్నె తగలకూడదు. తలుపు వేసేటప్పుడు గొళ్లెం కింద వేలు అడ్డం పెట్టాలి. ఉన్నది ఒకటే గది, ఆ గదిలో పగలంతా తండ్రి పడుకుంటాడు. నూలు మిల్లులో దూది బేళ్లు విప్పే చోట అతనిది రాత్రి పని. అదే మిల్లులో తల్లిది పగటి పని, గిర్రున తిరిగే కదుళ్ల మధ్య తెగిన పోగుల్ని పట్టుకుని అతకడం. ఆమె కాలు బయట పెట్టేసరికి అతను లోపల కాలు పెడతాడు. మొగుడూ పెళ్లాం అనే పేరేగానీ, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేది గుమ్మం దగ్గరే.

వాళ్లకి మూడో ఏడు నడుస్తున్న కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేంత ఉందని తండ్రి పిచ్చుక అన్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. మేడమీద వాటాలో ఉండే పిన్ని మాత్రం ఎకసెక్కం మానేది కాదు. కిచకిచ లేని పిచ్చుకేంటమ్మా, అంగట్లో కొన్నారా అనేది. తల్లి నవ్వేసి ఊరుకునేది. లోపల గర్వంగానే ఉండేది. ఆ ఈడు పిల్లలు వీధంతా పీకి పందిరేస్తుంటే తన పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది, అంతకంటే బుద్ధిమంతురాలు ఎక్కడ దొరుకుతుంది?

మిల్లులో నోటితో పని లేదు. కదుళ్ల హోరులో పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. లేని మీసం మెలేస్తే మేస్త్రీ వస్తున్నాడని. చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే, పోగు తెగింది, నా చేతులు చాలడం లేదు, ఎవరన్నా రండి అని. ఆ చెయ్యి లేచిందంటే, నిన్న కుళాయి దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్న ఆడది కూడా పరుగెత్తుకొస్తుంది. రాకపోవడం అనేది మిల్లులో లేదు.

ఆ చేతుల మాటలే ఆమె ఇంటికి తెచ్చింది. మొగుడు నిద్రపోతున్నాడు, పిల్లతో మాట్లాడాలి, మరేం చేస్తుంది? నాలుక తిరగకముందే పిచ్చుకకి వేళ్లు తిరిగాయి. పోగు తెగింది, రా అనే సైగని అది అన్నిటికీ వాడేది. పడినా అదే, తడిసినా అదే, బల్లిని చూసి భయమేసినా అదే. తల్లి పనికెళ్లాక తండ్రి తన మణికట్టుకీ పిల్ల కాలికీ నాలుగు పేటల నూలు కట్టుకుని పడుకునేవాడు. ఏదన్నా కావలిస్తే అది దారం గుంజేది, అతను లేచేవాడు. వినేవాళ్లు అయ్యో అంటారు. అయ్యో అన్నవాళ్లలో ఒక్కరైనా వచ్చి ఒక పూట పిల్లని చూసుకున్నారా? లేదు.

మిల్లు గేటు లోపల పిల్లల గది అని బోర్డు పెట్టిన గది ఒకటుంది. దానికెప్పుడూ తాళమే. లోపల ఖాళీ అట్టపెట్టెలు. తనిఖీకి పై నుంచి ఎవరన్నా వచ్చే రోజు పెట్టెలు బయటికొస్తాయి, ఉయ్యాల లోపలికెళ్తుంది. వచ్చినవాళ్ల కారు గేటు దాటగానే ఉయ్యాల బయటికి, పెట్టెలు లోపలికి. ఆ ఉయ్యాలలో ఇంతవరకు ఏ బిడ్డా నిద్రపోలేదు. అందరికీ తెలుసు. అందరూ దాని పక్కనుంచే నడిచి పనిలోకి పోతారు. ఆమె కూడా అంతే.

అలా నడుస్తుండగా బేళ్ల దగ్గర రాత్రి పని ఎత్తేశారు. వచ్చే నెల నుంచి అందరూ పగలే రావాలి, ఇష్టం లేనివాళ్లు రానక్కర్లేదు అని మేస్త్రీ చావు కబురు చల్లగా చెప్పాడు. ఇద్దరిలో ఏ ఒక్కరు మానేసినా ఇల్లు గడవదు. నెల తిరిగేలోపు పిచ్చుకని ఎక్కడో ఒకచోట ఉంచాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా, కన్నవాళ్ల కంటికి కనపడని చోట, ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతిలో. వారం సెలవు రోజున మొగుడూ పెళ్లాం పిల్లని చంకనేసుకుని బయల్దేరారు.

మొదట వెళ్లింది సైకిళ్లు బాగుచేసే వీధిలో, పగలు పిల్లల్ని చూసుకునే ఒక పాత ఇంటికి. దాన్ని నడిపే ఆవిడని ఊరంతా పెద్దక్క అంటారు. గేటు తీస్తుండగానే గోల మీద పడింది. ఒకడు పళ్లెం మీద గరిటెతో బాదుతున్నాడు, ఇంకొకడు బల్ల కింద దూరి రానని మొరాయిస్తున్నాడు, ఒక పిల్ల ఎవర్నో కొరికి ఆ పిల్లే ఏడుస్తోంది. పెద్దక్క నడుముకి ఒక పసివాణ్ణి అంటించుకుని, కూర్చోమని కూడా అనకుండా, కొరికిన పిల్లకి నీతులు చెబుతోంది. తల్లికి చెవులు గింగురుమన్నాయి. వారమంతా మిల్లులో హోరు, సెలవునాడు ఇక్కడ హోరు. తండ్రి గుమ్మంలోనే ఆగిపోయాడు, ఇదేం బడి, సంత కదా అని గొణిగాడు.

పెద్దక్కకి తీరిక దొరికాక పిచ్చుకని కిందా పైనా చూసి ఒకటే అడిగింది. ఈ పాప ఏడిస్తే ఎలా ఏడుస్తుంది, ఆకలికి ఒకలాగా నిద్రకి ఒకలాగా ఏడుస్తుందా, చెప్పండి, నాకు గుర్తుంటుంది అంది.

తండ్రి ఛాతీ పొంగించి చెప్పాడు. "ఏడవదక్కా మా పిల్ల. అసలు నోరే ఎత్తదు."

పెద్దక్క మెచ్చుకుంటుందనుకున్నారు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"ఇంతమందిలో ఇది గొంతెత్తకపోతే నాకెలా తెలుస్తుంది తమ్ముడూ? ముందు దీనికి ఏడవడం నేర్పి తీసుకురండి. చేర్చుకోనని కాదు. నాకున్నవి రెండు కళ్లే."

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లని ఏడిపించి తీసుకురమ్మంటుందా, ఆవిడకి మతి ఉందా అని వీధి చివరిదాకా తిట్టుకుంటూనే వచ్చాడు. తల్లి కూడా వంత పాడింది. ఇద్దరికీ మనసు చివుక్కుమంది.

రెండోది పెద్ద రోడ్డు మీద మేడ. గేటు దగ్గర పూలకుండీలు, లోపల తెల్లటి గచ్చు, బుల్లి బుల్లి చెప్పులు గీత గీసినట్టు ఒకే వరసలో. దాన్ని నడిపే మేడం గుసగుసగా మాట్లాడింది. తలుపు సందులోంచి చూపించింది, లోపల చాలామంది పిల్లలు గోడకి ఆనుకుని పెదవి మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. గోడ గడియారం కొట్టుకోవడం వినిపిస్తోంది. క్రమశిక్షణే మా ప్రత్యేకత అండీ అంది మేడం. తల్లిదండ్రులు గేటు దగ్గర అప్పగించాలి, గేటు దగ్గరే తీసుకెళ్లాలి, లోపలికొస్తే పిల్లలు చెదిరిపోతారు అంది.

ఆ నిశ్శబ్దం తల్లి ఒంటికి చల్లగా తగిలింది. కదుళ్లు ఆగిన మిల్లులా ఉంది. మొగుడు ఆమె వైపు చూసి, మాట లేకుండా, అరచెయ్యి గుండె మీద ఆనించాడు. మిల్లులో దానర్థం అంతా సవ్యంగా ఉంది అని. ఆమె కూడా అరచెయ్యి ఆనించింది. జీవితమంతా రొద మోసినవాళ్లకి నిశ్శబ్దమంటే సుఖం. పిల్లకి ఆ సుఖమే కొనిస్తున్నామనుకున్నారు. కన్నవాళ్లని తప్పు పట్టేముందు ఆ మాట గుర్తు పెట్టుకోవాలి.

పిచ్చుక మొదటిరోజు గేటు దగ్గర ఏడవలేదు. తక్కిన పిల్లల్ని పీకి లాగి లోపలికి తీసుకెళ్లాల్సి వచ్చింది, ఇది మాత్రం చెయ్యి పట్టుకోగానే నడిచిపోయింది. సాయంత్రం మేడం ముచ్చటపడింది. మీ పాప ఉన్నట్టే ఉండదండీ, మిగతావాళ్లకి మీ పాపనే చూపిస్తున్నాం అంది. మర్నాడు తల్లి ఆ సంగతి కదుళ్ల మధ్య చేతులతో చెప్పుకుంది, అవతలి వరసలో ఆడవాళ్లు కూడా చేతులతోనే మురిసిపోయారు.

కొన్నాళ్లకి పిల్ల నిద్రలో చెయ్యి పైకెత్తడం మొదలుపెట్టింది. చీకట్లో రెండు వేళ్లూ కత్తెరలా ఆడేవి. కల కంటోందిలే అని తల్లి ఆ చెయ్యి దించి దుప్పటి కప్పేది. పొద్దున లేవగానే పిల్ల తన చెప్పులు దాచేసేది. ఆటలాడుతోందనుకున్నారు.

ఒకరోజు మిల్లులో పెద్ద మోటారు కాలిపోయింది. కదుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ అనుకోని నిశ్శబ్దంలో ఆడవాళ్లు ఒకళ్ల గొంతు ఒకళ్లు విని నవ్వుకున్నారు. ఇవాళ్టికి ఇళ్లకి పొమ్మన్నారు. తల్లి మధ్యాహ్నం ఎండలో పెద్ద రోడ్డు వైపు నడిచింది, పిల్లని తొందరగా ఇంటికి తీసుకెళ్దామని.

గేటు వేసి ఉంది. పిలిస్తే మేడం చిన్నబుచ్చుకుంటుందేమోనని పక్క సందులోంచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కర్టెను పక్కకి ఒరిగి ఉంది.

పిల్లలు గోడ వెంట కూర్చుని ఉన్నారు. పిచ్చుక మాత్రం మూలన నిలబడి ఉంది. గౌను తడిసి కాళ్లకి అంటుకుపోయింది, కింద గచ్చు మీద మడుగు. తడి ఇప్పటిది కాదు, అంచులు ఎండిపోయాయి. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. రెండు వేళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. చెయ్యి నొప్పెట్టినట్టుంది, ఎడమచేత్తో కుడి మోచెయ్యిని కింద నుంచి మోస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నోరు మూసే ఉంది.

ఆయా చీపురు పట్టుకుని ఆ పక్కగా వచ్చింది. ఆవిడ చెడ్డమనిషేం కాదు. గదినిండా పిల్లలు, ఒక్క మనిషి. పిల్ల వేళ్లాడించడం చూసింది, కరిగిపోయి నవ్వింది. తనూ చెయ్యెత్తి వేళ్లాడించి టాటా చెప్పింది. చీపురు పట్టుకుని వెళ్లిపోయింది.

పిచ్చుక చెయ్యి దించలేదు. వస్తారని దాని నమ్మకం. చెయ్యి లేస్తే ఎవరో ఒకరు రావాలి కదా.

తర్వాత గేటు ఎలా తోసిందో, తెల్లటి గచ్చు మీద చెప్పులతో ఎలా నడిచిందో తల్లికే తెలియదు. పిల్లని ఎత్తుకుంది. తడి ఆమె రవికెకి పట్టింది. మేడం పరుగున వచ్చింది, అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"పాప ఒక్క మాట అనలేదండీ. ఒక్కసారి పిలిచినా చూసేవాళ్లం కదా."

కడిగిపారేద్దామని నోరు తెరిచింది తల్లి. మేడంని అనాల్సినవి చాలా ఉన్నాయి. ఏడవని పిల్లల్ని వరసగా గోడకి కూర్చోబెట్టి దానికి క్రమశిక్షణ అని పేరెట్టినందుకు, అంతమందికి ఒక్క ఆయాని పెట్టినందుకు అడగొచ్చు. కానీ పిలవడం రాని పిల్లని తెచ్చి ఇచ్చిందెవరు? గొళ్లెం కింద వేలు అడ్డం పెట్టిందెవరు? వరసలోంచి పిల్ల చెప్పులు ఏరుకుని వచ్చేసింది.

దారిలో మిల్లు గోడ వచ్చింది. గేటు సందులోంచి పిల్లల గది బోర్డు కనిపించింది, కింద తాళం. రోజూ చూసే తాళమే. ఇవాళ ఆమె ఆగి చూసింది, పిల్లని భుజం మార్చుకుంది, మళ్లీ నడిచింది.

ఇంట్లో మొగుడు పడుకుని ఉన్నాడు. అతన్నీ పంపించేశారు, పగలు పక్క కనపడితే కళ్లు మూతలుపడే పాత అలవాటు ఒంట్లో ఇంకా ఉంది. అలికిడికి కన్ను తెరవకుండానే అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు, చప్పుడొద్దని.

ఆమె పిల్లకి గౌను మార్చింది. గది మధ్యలో నిలబెట్టింది. తను గోడ వైపు తిరిగి నిలబడింది.

పిచ్చుక చెయ్యెత్తింది. అది ఆమెకి చూడకుండానే తెలుసు. కాసేపటికి చీర కొంగు పట్టి గుంజింది, దారం గుంజినట్టు. ఆమె కొంగు విడిపించుకుంది. పిల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చి వేళ్లాడించింది. ఆమె మళ్లీ అటు తిరిగింది. ఇంకోసారి ముందుకొచ్చింది, ఇంకోసారి తిరిగింది. బతుకులో అంత పాపిష్టి పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోటే చూస్తూ పళ్లు బిగబట్టింది.

మొగుడు లేచి కూర్చున్నాడు. ఏమైందే, పిల్ల నీకేసే చూస్తుంటే అటు తిరుగుతావేంటి, ఏడుస్తోంది చూడు అని గుసగుసగా కసిరాడు.

ఆమె గుసగుసలాడలేదు.

"ఏడుస్తోందా? నాకు వినపడలేదు. నీకు వినపడిందా?"

పగటిపూట ఆ గదిలో అంత గొంతు ఎప్పుడూ లేవలేదు. అతను కంగారుపడ్డాడు. ఆమె గోడకే చెప్పింది అంతా. కిటికీ గురించి, మడుగు గురించి, మోచెయ్యిని మోసుకున్న చెయ్యి గురించి, టాటా గురించి. అతను వింటూ వింటూ తన మణికట్టు చూసుకున్నాడు. దారం కట్టి కట్టి అక్కడ సన్నటి తెల్లగీత పడి ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దాడు. లేచొచ్చి పిల్లని ఎత్తుకోబోయాడు. చేతులు సగం దూరం వచ్చి ఆగిపోయాయి. వెనక్కి తీసుకుని అతనూ పెళ్లాం పక్కన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

రెండు వీపులు. వాటి వెనక పిల్ల.

ముందు ఊపిరి ఎగదన్నిన చప్పుడు వచ్చింది. తర్వాత ఒక కీచుమన్న శబ్దం, తుప్పు పట్టిన గొళ్లెం కదిలినట్టు. ఆమె తిరగబోయింది, అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా."

చిన్నగా వచ్చింది. మిల్లు హోరుకి మొద్దుబారిన చెవులు, ఆమెకి సరిగ్గా వినపడలేదు. నిజంగా వచ్చిందా అని మొగుడి మొహంలోకి చూసింది. అతని కళ్ల నిండా నీళ్లున్నాయి, తలూపాడు.

"అమ్మా!"

ఈసారి ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. ఆమె తిరిగి కింద కూలబడి పిల్లని ఒళ్లోకి లాక్కుంది. పిచ్చుక ఆగలేదు. ఇన్నాళ్లదీ కట్ట తెంచుకుని వస్తోంది. మాటలు లేవు, ఉత్త అరుపు, మధ్యలో అమ్మ, మళ్లీ అరుపు. తల్లి దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు. చెయ్యి తనంతట అది లేవబోతే ఒళ్లో అదిమి పెట్టుకుంది.

మేడమీద పిన్ని చేతిలో గరిటె పట్టుకునే మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. ఏమైందమ్మా, ఎవరికేమైంది అంటూ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏం కాలేదు పిన్నీ," అన్నాడు తండ్రి, గోడ వైపే నిలబడి. "రేపు పెద్దక్క దగ్గర చేర్చాలి. ఇది నన్ను కూడా నాన్నా అని పిలుస్తుందేమోనని చూస్తున్నా."