డైరెక్టరీలో పుల్లమ్మ పేరు

టెలిఫోన్ డైరెక్టరీలోంచి పుల్లమ్మ పేరు తీయించింది ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు భూపేష్, ఇంకొకడు జ్ఞానేశ్వర్. ఇందులో వాదనకు చోటు లేదు. మొదట్లో దేవేంద్రప్ప ఎవరడిగినా ఇదే చెప్పేవాడు.

పుల్లమ్మ ఆయన భార్య. పోయి నాలుగేళ్ళయింది. ఆయన కర్నూలులో ఒక విత్తనాల గోడౌనుకు తాళాల మనిషి. పల్లె బడిలో ఐదు వరకు చదివాడు. పుల్లమ్మ అదీ చదవలేదు. ఫోను పెట్టిద్దామని ఆమె మొదటిసారి అన్నప్పుడు ఆయన నవ్వాడు.

"నీకెవరు చేస్తారే ఫోను?"

దరఖాస్తు మీద సంతకం పెట్టనన్నాడు. ఆమె బనగానపల్లె నుంచి తమ్ముణ్ణి పిలిపించుకొని ఆఫీసుకు పోయి, తన పేరునే రాయించి, తన వేలిముద్రే వేసి వచ్చింది. రెండేళ్ళకు ఫోను వచ్చింది. ఆ తర్వాతి ఏడాది డైరెక్టరీ వచ్చింది. అక్షరం ముక్క రాని మనిషి, నూటా పన్నెండో పేజీలో తన వరుస ఎక్కడుందో తడుముకోకుండా చూపించేది. పాలామెకూ చూపించింది, చుట్టాలకూ చూపించింది. ఆ వరుస పక్కన పసుపు వేలి మరక పడింది. ఆయన ఒక్కసారి కూడా బాగుందనలేదు.

ఆమె పోయాక కూడా పేరు పోలేదు. బిల్లు ఆమె పేరునే వచ్చేది. పోస్ట్‌మన్ కింది నుంచి "పుల్లమ్మా, బిల్లూ!" అని కేకేసేవాడు. దేవేంద్రప్ప వాణ్ణి సరిదిద్దేవాడు కాదు. కొత్త డైరెక్టరీ వచ్చిన ప్రతిసారీ ముందు ఆ వరుస చూసుకునేవాడు. బతికున్నవాళ్ళ మధ్య ఆమె ఉండేది. ఆయనకు అది చాలు.

రెండు గదుల ఫ్లాటు ఒక్కడికి ఎక్కువై ఈ ఇద్దరినీ చేర్చుకున్నాడు. భూపేష్‌ది తుమ్మలపల్లె పక్క పల్లె, భూములున్న ఇల్లు. ఏ పనైనా తన మామ ఒక్క మాట చెబితే అయిపోతుందనేవాడు. వాడున్నన్నాళ్ళూ ఆ మామ ఆ ఒక్క మాట ఎక్కడా చెప్పిన దాఖలా లేదు. జ్ఞానేశ్వర్‌ది డోన్, కిరాణా కొట్టు వాళ్ళ పిల్లవాడు. మెత్తగా మాట్లాడేవాడు. కంపెనీల్లో ఉద్యోగాలు వెతుక్కోవడానికి ఇంట్లో నెట్టు కావాలన్నారు ఇద్దరూ. ఉద్యోగం వెతకడానికి అంత వేగం ఎందుకో దేవేంద్రప్పకు అర్థం కాలేదు. వాళ్ళు నిద్ర లేచేదే పది గంటలకు.

ముందు కేబుల్ ప్రేమయ్య వచ్చాడు. సందు సందంతా టీవీ వైర్లు అల్లినవాడు. ఇప్పుడు నెట్టు కూడా అల్లుతున్నాడు.

"మిద్దెల మీంచి వైరు లాగుతానప్పా. పది నిమిషాల్లో నెట్టు."

"వానొస్తే?" అన్నాడు దేవేంద్రప్ప.

"కర్నూల్లో వాన యాడొస్తాది పెద్దాయనా?"

"గాలొస్తే?"

"గాలికి వైరు ఊగుతాది. వైరు ఊగితే నెట్టు కూడా రోంత ఊగుతాది. అంతమాత్రానికే భయపడితే ఎట్లా?"

ప్రేమయ్య నెట్టు మూడు రోజులు ఊగింది, నాలుగో రోజు తెగింది. మిద్దె ఎక్కి చూస్తే వైరు మీద నాలుగు తడి దుప్పట్లు, ఒక బొంత ఉన్నాయి. పై ఇంటి సోమక్క ఆరేసింది.

"వైరని నాకేం తెల్సప్పా? ఎవరో పుణ్యాత్ములు తాడు కట్టిచ్చినారనుకున్యా" అంది సోమక్క.

ఇక మిగిలింది టెలిఫోన్ ఆఫీసు వాళ్ళ బ్రాడ్‌బ్యాండు. దానికి ఇంట్లో ఫోను ఉండాలి. ఫోను ఉంది. అది ఎవరి పేరున ఉంటే వాళ్ళే ఆఫీసు మనిషి ఎదురుగా ఫారం మీద సంతకమో వేలిముద్రో వేయాలి. ఆ మనిషి లేదు.

"పేరు మార్పిద్దాం పెద్దనాయనా. మా మామతో చెప్పిస్తే ఒక్క రోజు పని" అన్నాడు భూపేష్.

"పేరు మారదు."

"చనిపోయినామె పేరున నెట్టెట్లిస్తారు?"

"ఇయ్యకపోతే మానె. మీ మామను కూడా ఆడనే ఉండమను."

భూపేష్ అలిగి గదిలోకి పోయాడు. జ్ఞానేశ్వర్ పోలేదు. కొట్టు వాళ్ళ పిల్లవాడు, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు. టీ పెట్టి ఇచ్చి, పక్కన కూర్చున్నాడు.

"పెద్దనాయనా, ఈ ఏడు ఆఫీసోళ్ళు పాత పేర్లన్నీ తిరగేస్తాండారంట. మనిషి లేకపోతే పేరు కొట్టేస్తారంట. అదే కొత్త ఫారం మీద పెద్దమ్మ వేలిముద్ర పడిందనుకో, ఇంక పదేండ్లు ఆ పేరు ఎవురూ కదిలిచ్చరు."

"ఆమె వేలు యాడ తెస్తావురా?"

"వేలుదేముంది? సోమక్కకు లేదా?"

దేవేంద్రప్ప రెండు రోజులు డైరెక్టరీలో ఆ వరుస తీసి చూసుకున్నాడు. మూడో రోజు సరేనన్నాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. ఎదుటివాడి అబద్ధాన్ని క్షమించే మనిషి అంతకంటే కాదు. కానీ ఆ వరుస చెరిగిపోతుందంటే తట్టుకోలేకపోయాడు.

మనవరాలి పదో తరగతి ఫలితాలు నెట్టులో అందరికంటే ముందు చూపిస్తామంటే సోమక్క ఒప్పుకుంది. జ్ఞానేశ్వర్ ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి పరీక్షకు తయారు చేసినట్టు తయారు చేశాడు. నీ పేరేంది, పుల్లమ్మ. నీ భర్త పేరేంది, దేవేంద్రప్ప. ఆగకుండా, తడబడకుండా చెప్పాలి. ఆమె చెప్పింది. బాగా చెప్పావని భూపేష్ చప్పట్లు కొట్టాడు. ఇద్దరూ కంప్యూటరు చదువులు చదివినవాళ్ళు. తమ ఇళ్ళలో తల్లులు ఎలా మాట్లాడతారో చెవిన పెట్టినవాళ్ళు కాదు.

మర్నాడు పొద్దున టెలిఫోన్ ఆఫీసు నుంచి దావీదురాజు వచ్చాడు. తల నెరిసిన మనిషి, రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నాడు. గోడ వెంట వైరు సర్ది, మోడెం అనే తెల్ల డబ్బా బయటికి తీశాడు.

"దీని కింద గాలి ఆడల్ల. ఎత్తు మీద పెట్టండప్పా."

భూపేష్ అటూ ఇటూ చూసి, అలమరలోంచి ఒక పాత డైరెక్టరీ లాగి, దాని మీద డబ్బా పెట్టాడు. అది పసుపు మరక పడినదని దేవేంద్రప్పకు అట్ట చూడగానే తెలిసింది. అప్పుడు నోరు తెరిస్తే పని చెడుతుందని ఊరుకున్నాడు.

దావీదురాజు ఫారం తీశాడు.

"పుల్లమ్మ ఎవరు?"

"నేనే సార్" అంది సోమక్క.

"భర్త పేరు?"

"దేవేంద్రప్ప!"

బడిలో హాజరు పలికినట్టు పలికింది. దావీదురాజు పెన్ను ఆగింది.

"ఇంకోసారి చెప్పమ్మా."

"దేవేంద్రప్ప సార్. దే-వేం-ద్ర-ప్ప." ఇంకా గట్టిగా చెప్పింది.

దావీదురాజు కళ్ళజోడు తీసి నవ్వాడు. "ఇరవై ఎనిమిదేండ్లుగా ఫారాలు రాస్తాండానమ్మా. నీ ఈడు ఆడమనిషి మొగుని పేరు ఇట్లా టముకేసినట్టు చెప్పేది ఈ పొద్దే ఇంటాండా. సరే, మీ ఇంటాయన పేరేంది? నిజం ఇంటాయన."

సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్ఞానేశ్వర్ వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. "అదెట్ల చెప్తారు సార్, సిగ్గు లేకుండా? పైన పేపరు సదువుకుంటాండాడు, పోయి ఆయప్పనే అడుగు."

భూపేష్ ముఖం మాడింది. మామ ఫోను నంబరు వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నాడు. దావీదురాజు మాత్రం కోప్పడలేదు.

"నాకెందుకప్పా? ఎంతమంది పోయినోళ్ళ ఫోన్లు మోగుతాండాయో నాకు తెల్దా? పెద్దాయనా, ఈమె నా భార్యే అని నువ్వొక్క మాట అను. వేలిముద్ర తీసుకొని పోతా. ఆ పేరు అట్లనే ఉంటాది."

అందరూ దేవేంద్రప్ప వైపు తిరిగారు. ఒక్క మాట. దాని కోసమే రెండు రోజులు నమిలి మింగి ఒప్పుకున్నాడు.

ముప్పై ఏళ్ళలో పుల్లమ్మ ఆయన పేరు పలకలేదు. రేషన్ ఆఫీసులో అడిగితే వానలిచ్చే దేవుని పేరు అంటూ వేలు పైకి చూపించేది. గుమాస్తా కిటికీలోంచి ఆ కరువు ఆకాశాన్ని చూసి విసుక్కునేవాడు. బయటికి వచ్చాక దేవేంద్రప్ప కూడా తిట్టేవాడు, నోరు తెరిచి చెప్పి చావరాదా అని. ఆమె నవ్వేది. ఆమె పలకని పేరును ఇప్పుడు ఇంకొకామె ఆమె ఫోను పక్కన నిలబడి ముక్కలు ముక్కలుగా పలికింది.

"కాదు" అన్నాడు. "నా భార్య చచ్చిపోయి నాలుగేండ్లయింది."

దావీదురాజు పెన్ను మూత పెట్టాడు. "అనకుండా ఉంటే బాగుండు పెద్దాయనా. ఇంత మాట ఇన్నాక నేను ఇననట్టు ఉండలేను. పేరు మార్చాల్సిందే."

పేరు మార్చే ఫారం భూపేష్ గదిలోంచి వచ్చింది. అప్పటికే రాసి పెట్టుకున్నాడు. సంతకం చోటు ఒక్కటే ఖాళీ. మరణ ధ్రువపత్రం ట్రంకు పెట్టెలో ఉంది. దేవేంద్రప్ప తెచ్చి ఇచ్చాడు. ఒకప్పుడు ఆమె అడిగితే పెట్టనన్న సంతకం ఇప్పుడు పెట్టాడు.

పది రోజులకు నెట్టు వచ్చింది. డబ్బా మీద నాలుగు పచ్చ దీపాలు వెలిగాయి. ఉద్యోగం కోసమన్న భూపేష్ ఆ పొద్దంతా పెళ్ళికూతుళ్ళ ఫొటోలు చూశాడు. జ్ఞానేశ్వర్‌కు కొంచెం సిగ్గు మిగిలి ఉన్నట్టుంది. సాయంత్రం దేవేంద్రప్పను పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

"డైరెక్టరీ గూడా దీంట్లోనే ఉండాది పెద్దనాయనా. చూడు, నీ పేరు."

తన పేరు చూశాడు. వీధి, ఇంటి నంబరు, ఫోను నంబరు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"ఆమెది కొట్టి చూడు."

"ఎవర్ది?"

దేవేంద్రప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బతికున్న రోజుల్లో ఆమెను ఏమే అనే పిలిచాడు.

"పుల్లమ్మ."

జ్ఞానేశ్వర్ కొట్టాడు. వివరాలు లేవని వచ్చింది. ఎంత వేగంగా వచ్చిందంటే, కుర్రాళ్ళు ఈ వేగం కోసం ఎందుకు అంత తాపత్రయపడ్డారో ఆయనకు అప్పుడు తెలిసింది.

"పాత పేరు కదా, ఇంకో తీరు వెతికి చూస్తా."

"వద్దు."

లేచి, డబ్బాను ఎత్తి నేల మీద పడేసినట్టు పెట్టి, కింది డైరెక్టరీ లాక్కున్నాడు. పచ్చ దీపాలు ఆరిపోయాయి. "నెట్టు పోయింది!" అని గదిలోంచి భూపేష్ అరిచాడు. దేవేంద్రప్ప వెనక్కి చూడకుండా డైరెక్టరీ చంకలో పెట్టుకొని మెట్ల మీదికి వచ్చాడు.

మెట్ల మీద సోమక్క చింతకాయలు ఏరుతోంది.

"ఏమన్నా, నా వల్లనే చెడింది కదా?"

"నీ వల్ల కాదు. ఆ ఇద్దరి వల్ల."

సోమక్క చింతకాయ పక్కన పెట్టింది. "అట్లెట్లన్నా? ఆయప్ప అడిగినప్పుడు నువ్వు ఔనంటే ఐపోయేది కదా. కాదన్నది నువ్వే కదా?"

దేవేంద్రప్ప డైరెక్టరీని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"సోమక్కా, ఇంక నువ్వు గాని, ఇంకొకరు గాని, ఎవరి వల్ల పోయిందనే మాట నాకాడ ఎత్తగూడదు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.