దమ్మాం నుంచి కనబడని లైటు

వెబ్‌సైటులోని సహాయం పేజీలన్నీ తీసేస్తానని రాకేశ్ సార్ చెప్పినప్పుడు ముబీనా భయపడలేదు, బతిమాలలేదు.

"జర ఆగుండ్రి సార్. అండ్ల తప్పేముందో నాకింక సమజ్ కాలే. సమజైనంక తీసేయుండ్రి," అన్నది.

మాది కరీంనగర్‌లో పొలం మోటర్లకు ఆటో స్టార్టర్లు తయారు చేసే చిన్న కంపెనీ. బావి దగ్గర బిగించే డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. మనిషి ఎక్కడున్నా ఫోన్‌తో మోటర్ వేయొచ్చు, ఆపొచ్చు. అది నడవకపోతే ఏం చేయాలో వెబ్‌సైటులో వ్యాసాలు రాసేది నేను. గూగుల్‌లో వెతికినవాళ్లకు అవి కనబడేలా చేయడం ముబీనా పని. మొన్న ఎండాకాలమే చేరింది. ఎవరూ చదవని పేజీలు దండగ అని సార్ వాదన. పేజీలు పోతే ఆమె ఉద్యోగం కూడా పోతుంది. ఆ మాట మాత్రం ముగ్గురిలో ఎవరమూ పైకి అనలేదు.

ఆమె పని చేసే తీరును నేను పక్క కుర్చీలోంచి గమనిస్తూ వచ్చాను. అంతకుముందు ఆ పని చేసినతను శీర్షికల నిండా మా కంపెనీ పేరు, ఊరి పేరు కుక్కేవాడు. ముబీనా అలాంటిదేమీ చేయలేదు. జనం గూగుల్‌లో ఏమని టైపు చేస్తున్నారో చదువుతూ కూర్చుంది, ఎదురుగా కూర్చున్న మనిషి గోడు వింటున్నట్టు. నా వ్యాసం పేరు 'ఫేజ్ వైఫల్యం, రక్షణ'. జనం వెతికేది 'మోటర్ చాలు అయితలే', అంటే స్టార్ట్ కావడం లేదని, లేదా 'టక్కుమంటుంది కానీ నీళ్లు వస్తలేవు' అని. కంగారులో ఉన్న మనసుకు కారణం పేరు తెలియదు. చెవికి వినబడినదే దానికి తెలుసు. నేను రాసింది తెలిసినవాడి భాషలో, వాళ్లు వెతికింది తెలియక అల్లాడేవాడి భాషలో. ఆమె శీర్షికలు మార్చింది. పేజీలు గూగుల్‌లో పైకి వచ్చాయి.

కానీ వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు. మళ్లీ మాకే ఫోన్ చేస్తున్నారు. సార్‌కు కోపం వచ్చింది అందుకే.

సార్ ఆ మాట అన్న మర్నాడు ముబీనా ఉన్నట్టుండి కుర్చీ నా వైపు తిప్పింది.

"అన్నా, శుక్రవారం నాడే ఎందుకు ఎక్కువ మంది ఎతుకుతుండ్రు?"

"ఏమో, ఆ రోజు కరెంటు బాగుండదేమో."

"అరే అన్నా, జుమ్మా! సౌదీల ఛుట్టీ. మా హారిస్ భాయ్ రియాద్‌ల పొద్దుగాల లేసిండంటే ఇంట్ల ఫ్రిజ్ కాడికెళ్లి నల్లా దాకా ఆన్నుంచే నడిపిస్తడు. మా అమ్మీ ఫోన్ పట్టుకొని ఇల్లంత తిరుగుతది. నిన్న మిక్సీ కరాబైతే గూగుల్‌ల ఎతికింది ఎవరనుకున్నవ్? ఆయననే."

స్క్రీన్ మీద దేశాల వారీగా చూపించింది. సగానికి పైగా గల్ఫ్ నుంచే. నేను రాసేటప్పుడు నా మనసులో ఎప్పుడూ ఒకే మనిషి ఉండేవాడు. డబ్బా ముందు నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చదివే రైతు. అటువంటి మనిషి ఈ జిల్లాల్లో చాలా ఇళ్లలో ఇద్దరుగా ఉన్నాడు. వెతికే కళ్లు సౌదీలోని దమ్మాంలో, డబ్బాను చూసే కళ్లు మెట్‌పల్లిలో. మధ్యలో ఒక ఫోన్ కాల్.

ఈ సంగతి సార్‌కు ఆమె నోటితో చెప్పలేదు. ఆయన్ను ఆయన గదిలోనే కూర్చోబెట్టి, నా వ్యాసం తెరిచి ముందు పెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను.

"మీరు దమ్మాంల ఉన్నరు సార్. నేను పొలం కాడ ఉన్న మీ చెల్లెను," అని, స్టోరు రూములో పరీక్షల కోసం పెట్టిన స్టార్టర్ దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి ఫోన్ చేసింది.

"అన్నా, మోటర్ నడుస్తలే!"

సార్ నవ్వుతూ చదివాడు. "ఫేజ్ సూచికలను పరిశీలించమ్మా."

"అంటే ఏంది అన్నా?"

"లైట్లు. లైట్లు చూడు."

"ఎలుగుతున్నయ్."

"అన్ని ఎలుగుతున్నయా?"

"అన్ని అంటే ఎన్ని ఉండాలె?"

సార్ నా వైపు చూశాడు. "బొమ్మ పెట్టిన గద సార్," అన్నాను.

"బొమ్మ నాకు కనబడుతుంది. ఆమెకు కనబడుతుందా?"

ఫోన్‌లో ముబీనా ఊరుకోలేదు. "ఇగ మూత తీస్తున్న అన్నా."

"ఏయ్, ముట్టకు! షాక్ కొడ్తది!"

"మీ పేజీలనే రాసుంది గద, మూత తీసి చూడుమని!"

సార్ ఫోన్ బల్ల మీద పెట్టి, ముఖం తుడుచుకున్నాడు. "వచ్చే శుక్రవారం దాకా చూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటె తీసేస్త," అన్నాడు.

కొత్త పేజీ మేమిద్దరం కలిసి రాశాం. శీర్షిక పెట్టేముందు ఆమె హారిస్‌కు ఫోన్ చేసి, మన ఊళ్లో మోటర్ ఆగితే నువ్వైతే ఏమని వెతుకుతావని అడిగింది. అతను చెప్పినదాన్ని దాదాపు అలాగే ఉంచింది. 'సౌదీ నుంచి మోటర్ చాలు అయితలేదా? పొలం దగ్గర ఉన్నవాళ్లను ఇవి అడగండి.' మొదటి మాట, డబ్బా మూత తీయొద్దని చెప్పండి. తర్వాత, ఎరుపు, పసుపు, నీలం లైట్లలో ఏది వెలగడం లేదో అడగండి. ఒక్కటి వెలగకపోయినా లోపం కరెంటుదే, లైన్‌మన్‌ను పిలవమనండి. చివర ఆమె ఇంకో వాక్యం చేర్చింది: 'అక్కడ ఉన్నవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు, ఒక్కొక్కటే నెమ్మదిగా అడగండి.'

ఇది సాంకేతిక విషయం కాదు కదా అన్నాను.

"గదే అసలు సంగతి అన్నా. మా భాయ్ అన్ని ఒక్కసారే అడుగుతడు. అమ్మీ పరేషానై ఫోన్ పెట్టేస్తది."

మనుషుల మనసుల గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఎవరి కళ్లు ఎక్కడున్నాయో కనుక్కుని, ఆ కళ్లకు కనబడనిదేమిటో ఊహించి, అక్కడ ఒక మాట పెట్టడం మాత్రం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

శుక్రవారం సార్ స్వయంగా ఫోన్ల దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఎప్పుడూ వచ్చేవాటికన్నా చాలా తక్కువ కాల్స్ వచ్చాయి. ముబీనా స్క్రీన్ వైపు చూడకుండా గోళ్లు కొరుకుతూ కూర్చుంది. అప్పుడు ఒక కాల్ వచ్చింది. సార్ స్పీకర్ పెట్టాడు.

"నేను గోపాల్‌ను, దమ్మాం నుంచి. మాది మెట్‌పల్లి దిక్కు."

సార్ ముఖం ముడుచుకుంది. "స్టార్టర్‌కు ఏమైంది?"

"దానికేం కాలే సార్. నీలం లైట్ లేకుండె. లైన్‌మన్ అచ్చి సరిజేసి పోయిండు. పసుపు చేనుకు నీళ్లు పారుతున్నయ్. గా పేజీ రాసినోళ్లు ఎవరు?"

"ఎందుకు?"

"ఒక్కొక్కటే అడుగుమని రాసిండ్రు గద, నేను గట్లనే అడిగిన. మా ఇంటామె సృజన, ఇయ్యాల నీకు పానం బాగలేదా అంటుంది!"

ఊళ్లో ఉన్న ఆమెను కూడా అతను కాల్‌లో కలిపినట్టున్నాడు, అదే లైన్‌లోంచి ఒక ఆడమనిషి నవ్వు వినబడింది. "ఇన్నేండ్లు ఒర్రుడే గని అడుగుడు లేదు సార్. గా పేజీ నాకు గూడ పంపుండ్రి. ఈయన మళ్ల మర్శిపోతడు."

సార్ ఫోన్ పెట్టేశాడు. లేచి వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.

"మిగిలిన పేజీలు గూడ గిట్లనే మార్చుండ్రి. ముబీనా ఎట్ల చెప్తె అట్ల."

ఆమె గోళ్లు కొరకడం ఆపింది. నా వైపు తిరిగి, "సమజైంది గద అన్నా, ఇగ ఇంకో పేజీ. ఇప్పుడు దమ్మాంల ఉన్నది నువ్వు," అని ఫోన్ తీసుకుని స్టోరు రూములోకి వెళ్లింది. నేను ఏమీ కనబడకుండా కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాను. ఫోన్ మోగింది.

"అన్నా, మోటర్ బంద్ అయితలే!"

నోటి దాకా వచ్చిన మొదటి ప్రశ్నను మింగేశాను. కళ్లు మూసుకుని, ఆమె ఎక్కడ నిలబడి ఉందో ఊహించుకున్నాను.

"ఫికర్ చేయకు చెల్లె," అన్నాను. "డబ్బాకు జర దూరం నిలబడు. ఇప్పుడు నీకు ఏం కనబడుతుందో చెప్పు."