వీపుకు చెప్పిన మాట

మా కంప్యూటరు చప్పుడు చేస్తోందని నేను చెప్పడం మొదలుపెట్టి నెల దాటింది. చెప్పిన ప్రతిసారీ మా ఆయన "దుమ్ము" అన్నారు. అంతటితో ఆయన దృష్టిలో విషయం తేలిపోయేది. నూలు మిల్లులో యంత్రాల మరమ్మతు చేసి చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ వస్తువు మూలిగినా ఆయనే వైద్యుడు, బయటి మెకానిక్కుని గడప తొక్కనివ్వరు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, కుళాయి, ఆఖరికి నా మోకాలు కూడా కాస్త నూనె పడితే దారికొస్తుందని ఆయన నమ్మకం.

ఆ ముసలి కంప్యూటరు మీద నాకు మోజేమీ లేదు. కానీ నా పుస్తకం అందులో ఉంది. నేను గళ్ళ నుడికట్లు కడతాను. అడ్డం మాటలు, నిలువు మాటలు గళ్ళలో అమర్చి, ఒక్కో మాటకు ఒక్కో ఆధారం రాసి వారపత్రికకు పంపుతాను. ఏళ్ళ తరబడి పంపినవాటిలోంచి మంచివి ఏరి పుస్తకంగా వేద్దామని ఎడిటరే అడిగారు. పాత గళ్ళకు కూడా ఆధారాలన్నీ కొత్తగా రాశాను. అట్ట మీద నా పేరు ఉండే మొదటి పుస్తకం అది. శుక్రవారానికి ఫైళ్ళు అందకపోతే అచ్చులో ఆ చోటు ఇంకొకరి పుస్తకానికి పోతుందని, మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో మాట ఇవ్వలేనని కూడా ఆ ఎడిటరు ముందే చెప్పేశారు.

సోమవారం పొద్దున మీట నొక్కితే తెర మీద నాలుగు తెల్లటి వరుసలు వచ్చి ఆగిపోయాయి. బల్ల కింద పెట్టెలోంచి టక్, టక్, టక్. తర్వాత గర్రుమని ఒక మూలుగు. మళ్ళీ టక్.

"ఏవండీ, ఇది హార్డ్ డిస్కే. లోపల ఏదో కొట్టుకుంటోంది. వినండి."

ఆయన వచ్చి వంగి, తల పక్కకు పెట్టి విన్నారు. "ఫ్యానుకి దుమ్ము పట్టింది" అన్నారు.

సరే, ఏదైతేనేం, ఫైళ్ళకు ఇంకో ప్రతి ఉందిగా అని ధైర్యం చెప్పుకున్నాను. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని ఆయనకు చెప్పి, కిందటి నెల నేనే వంటింట్లోంచి "కాపీ అయిందా?" అని కేకేసి అడిగాను. "ఆఁ, అయింది" అని హాల్లోంచి జవాబు కూడా వచ్చింది. సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, పై వాటాలో ఉండే మా ఆడపడుచు కంప్యూటర్లో పెట్టి చూశాను. ఎవరిదో పెళ్ళి వీడియో తప్ప అందులో ఇంకేమీ లేదు.

కిందికొచ్చి, "కాపీ అయిందన్నారుగా" అన్నాను.

"అయింది. ఇందాకే తాగాను. గ్లాసు కూడా కడిగి పెట్టాను."

మా ఇంట్లో కాఫీని కూడా కాపీ అనే పలుకుతాం కాబట్టి, తప్పు ఆయనదని అనడానికి కూడా వీల్లేకపోయింది. ఒళ్ళు మండుతున్నప్పుడు ఎదుటి మనిషి నిర్దోషి అని తేలితే అంతకంటే చిరాకు ఇంకొకటి ఉండదు.

అక్కణ్ణించి వైద్యం మొదలైంది. పెట్టె పక్కరేకు ఊడదీశారు. ముందు బ్రష్షుతో దులిపారు. నిజంగానే చారెడు దుమ్ము వచ్చింది. దాన్ని కాగితంలో పోసి సాక్ష్యంలా నాకు చూపించారు. మీట నొక్కారు. టక్, టక్, గర్ర్.

"చూశావా, ఫ్యాను ఎంత హాయిగా తిరుగుతోందో."

"ఫ్యాను సంగతి ఎవరడిగారండీ? ఆ టకటక సంగతి చూడండి."

తర్వాత మెమరీ పలకలు బయటికి లాగి, వాటి పసుపు పళ్ళను పెన్సిలు రబ్బరుతో తోమారు. మళ్ళీ మీట. టక్, టక్. తీగ మార్చారు. మీట. అటకెక్కి ఇంకో పాత కంప్యూటరు కళేబరంలోంచి పవర్ సప్లై పీకి తెచ్చి ఇందులో బిగించారు. మీట. ఆయన మీట నొక్కిన ప్రతిసారీ ఆ చప్పుడు ఇంకాస్త ముదురుతోంది. లోపల నా ఏడాది చాకిరీని ఎవరో గోటితో గీకుతున్నట్టే ఉంది నాకు.

"ఇక నొక్కకండి. నొక్కే కొద్దీ పాడవుతోంది. డిస్కే పోతోందని చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను."

"నీకెలా తెలుసు?"

"వినిపిస్తోంది కాబట్టి తెలుసు."

ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీశారు. దాని మొన డిస్కుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నారు. మిల్లులో బేరింగులు చూసే పద్ధతట అది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నారు. గుమ్మంలో నిలబడ్డ నాకు టక్, టక్, టక్ అని స్పష్టంగా వినిపిస్తోంది.

"మోటారు బాగానే తిరుగుతోంది. వణుకు తెలుస్తోంది. ఇంకే చప్పుడూ లేదు" అన్నారు.

అప్పుడే మా ఆడపడుచు మెట్లు దిగి వచ్చింది. ఫోటోలు సరిదిద్దే పని ఇంట్లోంచే చేస్తుంది. కదలకుండా కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే కిందికొచ్చి నాతో పోట్లాడి పోతుంది. గుమ్మంలోనే ఆగి, "ఏంటి వదినా ఆ టకటక? బయటిదాకా వినిపిస్తోంది" అంది.

మా ఆయన కళ్ళు తెరిచారు. చెల్లెలి మొహం చూశారు, నా మొహం చూశారు, డిస్కు వైపు చూశారు. స్క్రూడ్రైవరు చెవి మార్చుకుని ఇంకోసారి విన్నారు. ఆ మొహంలో తెల్లబోవడం చూశాక నాకు అర్థమైంది.

పెళ్ళైన దగ్గర్నించీ ఈ మనిషి నా మాట వినడు అని ఊరంతా చెప్పుకు తిరిగాను. అమ్మతో చెప్పాను, ఈ ఆడపడుచుతోనే చెప్పాను. "వినడు" అని మూడక్షరాల మాట నింపి, సరిపోయిందని గడి మూసేశాను. అసలు పడాల్సిన మాట "వినపడదు". ఐదక్షరాలు. మాటల గళ్ళు కట్టడమే పనిగా పెట్టుకున్న దాన్ని, ఇంట్లో ఉన్న గడిలో ఏ మాట పడుతుందో పోల్చుకోలేదు.

"మీకు వినిపించడం లేదు కదా" అన్నాను, గట్టిగా.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "లావు చప్పుళ్ళు తెలుస్తాయి. సన్నటివి తెలియవు."

"ఎప్పట్నించి?"

"ఏమో. మిల్లు రొదలో ఎవరికీ వినపడేది కాదు. అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. పెదవులు చూసి పట్టేసేవాళ్ళం. ఇంట్లో కూడా అలాగే నడిచిపోతుందనుకున్నా."

"నడవలేదు అన్నయ్యా. నువ్వు ఊఁ కొట్టావు, వదిన కేకలేసింది" అంది ఆడపడుచు.

జాలి పడాల్సిన సందర్భమని నాకు తెలుసు. కానీ నిజం చెప్పాలంటే జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. నెల కిందట ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే నా ఫైళ్ళు ఈపాటికి భద్రంగా ఉండేవి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. జబ్బేమిటో తేలాక ఆయన చేతులు మళ్ళీ కుదురుగా పని చేశాయి. డిస్కు ఊడదీసి, పైకి పట్టుకెళ్ళి, ఆడపడుచు కంప్యూటరుకి రెండో డిస్కుగా తగిలించారు. దీన్నుంచి కంప్యూటరును నడపకూడదు, ఫైళ్ళు ఒక్కటొక్కటిగా బయటికి లాక్కోవాలి, అంతే అన్నారు.

"టక్కుమన్నప్పుడు వెంటనే ఆపేయాలి. ఆపకుండా లాగితే లోపల గీరుకుపోతుంది. కాస్త చల్లారాక మళ్ళీ మొదలెట్టాలి. ఆ చప్పుడు నాకు తెలీదు. నువ్వే వినాలి" అన్నారు నాతో.

ఆయన తెర ముందు కుర్చీలో కూర్చున్నారు. నేను కాస్త వెనగ్గా నేల మీద కూర్చుని చెవి డిస్కు దగ్గర పెట్టాను. కుడిచెయ్యి ఆయన వీపు మీద. టక్కుమంటే నొక్కుతాను, ఆయన ఆపేస్తారు. చల్లారాక మళ్ళీ మొదలు. మొదటి ఫైలు వచ్చిందని ఆయన తల ఊపినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత కాలంలో ఇద్దరం ఒక పని మాటా మాటా అనుకోకుండా చేయడం అదే మొదటిసారి అని ఆడపడుచు మంచం మీంచి వ్యాఖ్యానం.

అందులో రెండు ఫోల్డర్లు ఉన్నాయి. ఒకటి గళ్ళు, ఇంకొకటి ఆధారాలు. గళ్ళు పోయినా పాత పత్రికలు చూసి మళ్ళీ గీయొచ్చు. ఆధారాలు కొత్తవి, ఇంకెక్కడా లేవు.

"ఆధారాలు ముందు తీయండి" అన్నాను.

"ఊఁ" అన్నారు.

ఒక్కో ఫైలు వస్తోంది. టక్కుమంటోంది. నొక్కుతున్నాను. ఆగుతున్నారు. మెడ పట్టేసింది, మోకాలు తిమ్మిరెక్కింది, అయినా లేవలేదు. చాలాసేపటికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "గళ్ళు మొత్తం వచ్చేశాయి. ఇక ఆధారాలు" అన్నారు.

లేచి తెర వైపు చూసేలోపే ఆధారాల ఫోల్డరు మీద నొక్కేశారు. డిస్కు ఈసారి టక్కుమనలేదు. కీచుమని ఒక్కసారి అరిచి ఊరుకుంది. తెర మీద దాని గుర్తే మాయమైంది. తీసి పెట్టారు, తీగ మార్చారు, చల్లారబెట్టి మళ్ళీ తగిలించారు. అది ఇక ఉలకలేదు, పలకలేదు.

"ఆధారాలు ముందు అన్నానుగా" అన్నాను.

"ఎప్పుడు?"

చెప్పింది ఆయన వీపుకు. వినపడదని తెలిసిన రోజునే, తెలిసి కూడా, నేల మీద కూర్చుని వీపుకు చెప్పాను. ఆయన అలవాటు కొద్దీ ఊఁ కొట్టారు. ఎవరిని తిట్టాలో తెలియక డిస్కునే తిట్టాను.

డేటా బయటికి తీసే షాపుకు ఆడపడుచు ఫోను చేసింది. విప్పి చూడాలి, వారాలు పట్టొచ్చు, వస్తుందని మాట ఇవ్వలేమన్నారు. ఎడిటరుకు నేను ఫోను చేశాను. "శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతానమ్మా. ఆపైన నా చేతుల్లో లేదు" అన్నారు. గళ్ళున్నాయి, వాటిలో మాటలున్నాయి. ఆధారాలు మాత్రం మొదటి అక్షరం నుంచి మళ్ళీ రాయాలి.

మర్నాడు పొద్దున్నే తెల్ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది ఇంకో సంగతి. ఈ ఏడాదంతా రాసిన ప్రతి ఆధారాన్నీ నేను ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఏదో ఒకటి విప్పుకుంటూ కూర్చునేవారు, నేను చదివేదాన్ని, ప్రతిదానికీ "బాగుంది" అనేవారు. ఆ మాట నమ్మే పుస్తకం మీద ఆశ పెట్టుకున్నాను. చదువుకున్నవాళ్ళు మెచ్చడం వేరు, మామూలు మనిషికి పట్టుబడటం వేరు అనుకుని మురిసిపోయాను. ఆ "బాగుంది"ల్లో ఒక్కటీ నా ఆధారం విని అన్నది కాదు. పుస్తకం పోతుందని భయపడ్డప్పుడు కూడా నాకు ఇంత దిగులు వేయలేదు.

ఆయన వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. పక్కన కాదు, వెనక కాదు, సరిగ్గా నా మొహానికి ఎదురుగా. చేతిలో స్క్రూడ్రైవరు లేదు.

"చదువు" అన్నారు.

మొదటి గడికి గుర్తున్న ఆధారాన్నే మళ్ళీ రాశాను. కావాలని గట్టిగా చదివాను. "రాత్రి వచ్చి తెల్లారగానే పోయేది. రెండక్షరాలు."

ఆయన నా పెదవుల వంక చూస్తూ ఆలోచించారు. "చుక్క."

"కాదు. నిద్ర."

"అయితే బాగాలేదు."

"ఎందుకు బాగాలేదు?"

"రెండు జవాబులొస్తే అదేం ఆధారం? పైగా తప్పు. నైట్ షిఫ్టులో ఉన్నన్నాళ్ళూ నాకు నిద్ర తెల్లారాకే వచ్చేది."

"పోయినసారి ఇదే చదివితే బాగుందన్నారు."

"పోయినసారి వినపడలేదు."

నాకు కోపం, సిగ్గు, ఏడుపు కలిసి వచ్చాయి. తర్వాత ఆ వాక్యం కొట్టేసి, ఇంకొకటి రాసి, కుర్చీ ముందుకు జరుపుకుని చదివాను. ఆయన పూర్తిగా విన్నారు.

"ఇదీ బాగాలేదు" అన్నారు.